చలి సంగతి సరే, ఆమె అక్కడ ఏం చేశారు?

ఇస్రో శాస్త్రవేత్త మంగళ మణి 2016 నవంబరులో అంటార్కిటికాకు బయల్దేరినప్పుడు ఆమె వయసు 56 ఏళ్లు. అంతకుముందు మంచు కురవడం ఆమె ఎప్పుడూ చూడలేదు. తూర్పు అంటార్కిటికాలోని మన భారతి కేంద్రంలో, 23 మంది జట్టులో ఒకే ఒక్క మహిళగా ఉన్నారు. 403 రోజుల తర్వాత, 2017 డిసెంబరులో తిరిగొచ్చారు. ఈ సంగతులన్నీ అప్పట్లో బాగానే ప్రచారమయ్యాయి. చలి ఎంత ఉండేది, ఎన్ని పొరల దుస్తులు వేసుకునేవారు, ఇంటిమీద బెంగ పెట్టుకోలేదా, అంతమంది మగవాళ్ల మధ్య ఇబ్బంది కాలేదా? ఎక్కడ చూసినా ఇవే ప్రశ్నలు. ఆ 403 రోజులూ ఆమె అక్కడ ఏం పని చేశారో వివరంగా చెప్పిన కథనాలు వెతికితే గానీ దొరకవు.

నా ఫిర్యాదు దాని గురించే. ధ్రువ ప్రాంతాలకు వెళ్లిన మహిళలను ఆడపిల్లలకు ఆదర్శంగా చూపిస్తున్నాం, మంచిదే. వాతావరణ మార్పు గురించి మాట్లాడమని వేదికలు ఎక్కిస్తున్నాం, అదీ మంచిదే. కానీ వాళ్ల పనిని వదిలేసి ధైర్యాన్ని ఒక్కదాన్నే చూపిస్తే, వినే పిల్లకు చప్పట్లు కొట్టడం తప్ప మరో పని మిగలదు. చలికి ఓర్చుకోవడం ఎవరూ బడిలో నేర్పరు. యాంటెన్నా తిప్పడం నేర్పుతారు, రాయిని చదవడం నేర్పుతారు, జనరేటర్ బాగుచేయడం నేర్పుతారు.

రోజుకు పద్నాలుగు చుట్లు

మంగళ మణి హైదరాబాద్‌లోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ (ఎన్ఆర్ఎస్‌సీ) తరఫున వెళ్లారు. భారతి కేంద్రంలో ఆ సంస్థకు ఉపగ్రహ గ్రౌండ్ స్టేషన్ ఉంది. దాన్ని నడపడం, చెడిపోకుండా చూసుకోవడం ఆమె పని. చెప్పడానికి ఒక్క వాక్యమే అయినా, అందులో ఉన్న భౌతికశాస్త్రం కాస్త ఓపిగ్గా చూడదగ్గది.

మన భూపరిశీలన ఉపగ్రహాలు ఉత్తర, దక్షిణ ధ్రువాల సమీపం నుంచి తిరుగుతాయి. ఒక్కో చుట్టుకు సుమారు 100 నిమిషాలు పడుతుంది, అంటే రోజుకు 14 చుట్లు. ఈలోగా కింద భూమి కూడా తన చుట్టూ తాను తిరుగుతుంటుంది కాబట్టి ప్రతి చుట్టులోనూ ఉపగ్రహం కింద కొత్త ప్రాంతం వస్తుంది. ఎన్ఆర్ఎస్‌సీ ప్రధాన గ్రౌండ్ స్టేషన్ షాద్‌నగర్‌లో ఉంది. అక్కడి యాంటెన్నాకు ఒక ఉపగ్రహం రోజు మొత్తంలో నాలుగైదుసార్లకు మించి కనిపించదు. కనిపించినప్పుడు కూడా ఆకాశంలో ఈ చివర నుంచి ఆ చివరకు దాటిపోవడానికి పది, పదిహేను నిమిషాలే. మిగతా చుట్లలో తీసిన చిత్రాలను ఉపగ్రహం తన దగ్గరే దాచుకుని తిరగాలి. దాచుకునే చోటు కూడా తక్కువే.

ఇప్పుడు బత్తాయి పండును ఊహించుకోండి. తొనల మధ్య గీతలు నడుమ దగ్గర దూరదూరంగా ఉంటాయి. తొడిమ దగ్గరికి వచ్చేసరికి అన్నీ ఒకచోట చేరతాయి. ఉపగ్రహం చుట్లూ అంతే. భూమధ్యరేఖ దగ్గర ఒక చుట్టుకూ తర్వాతి చుట్టుకూ మధ్య రెండు వేల కిలోమీటర్లకు పైగా ఎడం ఉంటుంది, ధ్రువాల దగ్గర అన్నీ దగ్గరపడతాయి. భారతి కేంద్రం 69 డిగ్రీల దక్షిణ అక్షాంశం మీద ఉంది. అక్కడ యాంటెన్నా పెడితే 14 చుట్లలో పది దాకా కనిపిస్తాయి. 2013 నుంచి ఆ యాంటెన్నా పనిచేస్తోంది. ఉపగ్రహం అక్కడ దించిన సమాచారం మరో ఉపగ్రహ లింకు మీదుగా షాద్‌నగర్ చేరుతుంది.

దక్షిణ హిందూ మహాసముద్రం మీద, మన యాంటెన్నాలకు అందని ఇతర ఖండాల మీద తీసిన సమాచారం ఆలస్యం లేకుండా చేతికి రావాలంటే ధ్రువం దగ్గర ఒక కిటికీ ఉండాలి. మన రుతుపవనాల గాలి బయల్దేరేది ఆ దక్షిణ సముద్రం మీది నుంచే అని గుర్తుంచుకుంటే, ఆ కిటికీ విలువ అర్థమవుతుంది. దాని పక్కన ఎవరో ఒకరు మేలుకుని ఉండాలి. మంచు తుపాను వీస్తున్నా ఉపగ్రహం తన వేళకే వస్తుంది. చలికాలంలో సుమారు రెండు నెలలు అక్కడ సూర్యుడు ఉదయించడు, అప్పుడూ వస్తుంది. ఓడలు వేసవిలో తప్ప రావు. ఒక భాగం పాడైతే కొరియర్‌లో తెప్పించుకోవడం కుదరదు. ఉన్న సరుకుతో, ఉన్న చేతులతో బాగు చేసుకోవాలి. 56 ఏళ్ల మహిళ 403 రోజులు చేసిన ఉద్యోగం ఇదీ. నాకైతే మైనస్ డిగ్రీల వార్తల కన్నా ఇదే ఎక్కువ ఆశ్చర్యం కలిగిస్తుంది.

ఒక చిన్న లెక్క చెప్పకుండా ఉండలేను. సూరత్ 21 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, భారతి 69 డిగ్రీల దక్షిణాన. రెండూ కలిపితే 90 డిగ్రీలు, అంటే సరిగ్గా పావు చుట్టు. సూరత్ మీదుగా దక్షిణానికి వెళ్లే ఉపగ్రహం 25 నిమిషాల్లో భారతి ఆకాశంలోకి వచ్చేస్తుంది. లింబాయత్ నుంచి డుమస్ బీచికి సాయంత్రం ట్రాఫిక్‌లో అంతకన్నా ఎక్కువే పడుతుంది.

లింబాయత్‌కు దీంతో ఏం పని?

లింబాయత్ పేరు ఊరికే తీయలేదు. నేను ఉండేది సూరత్‌లో. ఇక్కడి లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో తెలంగాణ జిల్లాల నుంచి నేత పనికి వచ్చి స్థిరపడిన పద్మశాలీ కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. సాంచాల చప్పుడు మధ్య పుట్టి పెరిగిన రెండో తరం, మూడో తరం పిల్లలు. నగరపాలక సంస్థ తెలుగు మీడియం బడులు కూడా నడుపుతోంది. అంటార్కిటికా ఎక్కడో ఉంది, మన బాధలు మనకున్నాయి అని ఈ వీధుల్లో ఎవరైనా అంటే తప్పుపట్టలేను. కానీ ఈ నగరం పటం తీసి చూడండి. తాపీ నది సముద్రంలో కలిసే చోటికి కాస్త ఎగువన, చదునైన నేల మీద ఉంది. ఊరి మధ్య నుంచి ఖాడీలు, అంటే వాగుల్లాంటి నీటిపాయలు పోతాయి. లింబాయత్ పక్కనున్న మీఠీ ఖాడీ దాదాపు ప్రతి వానాకాలంలోనూ వార్తల్లోకి ఎక్కుతుంది. నీరు ఇళ్లలోకి వచ్చినప్పుడు ముందు తడిసేవి నేలమీది మోటార్లు, నూలు, నేసిన గుడ్డ. కూలి అంతా అక్కడే ఉంటుంది.

2006 ఆగస్టులో తాపీకి వచ్చిన వరదను ఇక్కడి పెద్దవాళ్లెవరూ మరిచిపోలేదు. ఎగువన ఉకాయ్ డ్యామ్ నుంచి ఒక దశలో 9 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వదిలారు. నగరంలో చాలా భాగం రోజుల తరబడి మునిగింది. డ్యామ్ ఎప్పుడు ఎంత వదలాలి అనే దానిపై అప్పటి నుంచి చాలా చర్చ జరిగింది. దిగువన సముద్రం గురించి అంత మాట్లాడుకోలేదు. నది నీరు దిగాలంటే సముద్రం చోటివ్వాలి. ఖంభాత్ సింధుశాఖ మన దేశంలోనే అతిపెద్ద ఆటుపోట్లు ఉండే చోటు. పైభాగంలో ఆటుకూ పోటుకూ తేడా కొన్నిచోట్ల పది మీటర్ల దాకా ఉంటుంది. తాపీ ముఖద్వారం దగ్గర కూడా కొన్ని మీటర్లు ఉంటుంది. పున్నమికి, అమావాస్యకు పోటు మీదున్న సముద్రం నదినీ, ఖాడీలనూ వెనక్కి నెడుతుంది.

సముద్రం రోజుకు రెండుసార్లు మీటర్ల ఎత్తు లేచి పడే చోట, ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లు పెరిగితే ఏమవుతుంది అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. 1901 నుంచి 2018 మధ్య ప్రపంచ సముద్ర మట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగిందని ఐపీసీసీ లెక్క. 2006 నుంచి 2018 దాకా చూస్తే ఆ వేగం ఏడాదికి 3.7 మిల్లీమీటర్లు. పోటు లేవడం, దిగడం దీనితో ఆగదు. కానీ ఆ ఆట మొత్తం ఒక మెట్టు పైన జరుగుతుంది. ఖాడీ నీరు బయటకు పోవడానికి రోజులో దొరికే వ్యవధి తగ్గుతుంది. నిండిన తొట్టిలో ఇంకో చెంబు పోస్తే పొర్లేది ఆ చెంబు నీరే కదా. లింబాయత్ మునిగిన ప్రతిసారీ నేరం అంటార్కిటికా మీదకు నెట్టడం మాత్రం సైన్సు అనిపించుకోదు. ఖాడీ గట్లు ఆక్రమించిన కట్టడాలు, పూడిక, కాలువల్లో చెత్త, ఒకే రోజు కురిసే కుండపోత వాన, ఇవన్నీ ముందు వరసలో ఉన్నాయి. సముద్రం చేసేది వెనక నుంచి తలుపు నొక్కిపట్టడం.

ఇక్కడే అంటార్కిటికా నేరుగా వస్తుంది, అదీ చాలామంది ఊహించని దారిలో. అక్కడి మంచు పలక ఎంత బరువైనదంటే, దాని గురుత్వాకర్షణకు చుట్టూ ఉన్న సముద్రపు నీరు దానివైపు కాస్త పోగై ఉంటుంది. మంచు కరిగి సముద్రంలో కలిస్తే ఆ లాగుడు తగ్గుతుంది. అప్పుడు మంచు పక్కనున్న సముద్ర మట్టం పెరగకపోగా తగ్గుతుంది! ఆ నీరంతా దూరంగా, భూమధ్యరేఖవైపు, ఉత్తరార్ధగోళం వైపు సర్దుకుంటుంది. అంటే పశ్చిమ అంటార్కిటికా కరిగితే మన తీరాల్లో పెరుగుదల ప్రపంచ సగటు కన్నా కొంత ఎక్కువగానే ఉంటుంది. ఉత్తర ధ్రువం వైపున్న గ్రీన్‌లాండ్ పక్కనున్న దేశాలకు గ్రీన్‌లాండ్ కరగడం కన్నా అంటార్కిటికా కరగడం ఎక్కువ ప్రమాదం. విచిత్రంగా అనిపిస్తుంది కానీ ఇది న్యూటన్ గురుత్వాకర్షణ సూత్రమే, ఇంకేమీ కాదు. 2002 నుంచి భూమి గురుత్వాన్ని కొలుస్తున్న గ్రేస్ ఉపగ్రహ జంటలు, అంటార్కిటికా ఏటా సగటున 10,000 కోట్ల టన్నులకు పైగా మంచు కోల్పోతోందని చూపిస్తున్నాయి.

ఉత్తర ధ్రువానికీ మన వానకూ సంబంధం ఉండొచ్చని కూడా పరిశోధనలు వస్తున్నాయి. ఆర్కిటిక్‌లోని కారా సముద్రంలో మంచు తగ్గిన ఏడాదుల్లో మధ్య భారతంలో సెప్టెంబరు చివరి అతివృష్టి పెరిగే తీరు ఉందని గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం (ఎన్‌సీపీఓఆర్) పరిశోధకులు 2021లో సూచించారు. ఇది ఇంకా తేలాల్సిన విషయమే. అయితే తాపీ పరీవాహక ప్రాంతంలో చాలా భాగం మధ్య భారతంలోనే ఉందని ఇక్కడివాళ్లు గమనించాలి.

ముందు ఎవరు దిగాలి?

ధ్రువ యాత్రల చరిత్రలో మహిళలకు చాలాకాలం తలుపులు మూసే ఉంచారు. 1937లో అంటార్కిటికా వెళ్లాలనుకున్న ఒక బ్రిటిష్ యాత్రకు సుమారు 1,300 మంది మహిళలు దరఖాస్తు పెడితే ఒక్కరినీ తీసుకోలేదు. అమెరికా తన అంటార్కిటికా కార్యక్రమంలోకి మహిళలను 1969లో గానీ రానివ్వలేదు. ఆ ఏడాది నవంబరు 12న ఆరుగురు మహిళలు విమానంలో దక్షిణ ధ్రువం చేరారు. భూగర్భ రసాయన శాస్త్రవేత్త లోయిస్ జోన్స్, ఆమె జట్టు, ఒక న్యూజీలాండ్ జీవశాస్త్ర పరిశోధకురాలు, ఒక పత్రికా విలేకరి. ధ్రువం మీద మొదట అడుగు పెట్టిన మహిళ ఎవరు అనే ప్రశ్నకు తావు లేకుండా, ఆరుగురూ చేతులు కలుపుకుని ఒకేసారి విమానం దిగారు. ‘తొలి మహిళ’ అనే బిరుదు కోసం మన శీర్షికలు పడే ఆరాటం చూసినప్పుడల్లా నాకు ఆ ఆరుగురూ గుర్తొస్తారు.

మనదేశం ఈ విషయంలో మరీ ఆలస్యం చేయలేదు. ఎస్.జడ్. ఖాసిం నాయకత్వంలో మొదటి యాత్ర 1981 డిసెంబరులో గోవా నుంచి బయల్దేరింది. 1983–84లో జరిగిన మూడో యాత్రలోనే ఇద్దరు మహిళలు ఉన్నారు. జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయ భూగర్భ శాస్త్రవేత్త సుదీప్త సేన్‌గుప్తా, గోవా జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకు చెందిన అదితి పంత్. బ్రిటన్ సర్వే సంస్థ తన మహిళా శాస్త్రవేత్తను క్షేత్రానికి పంపింది కూడా 1983లోనే. సేన్‌గుప్తా అప్పటికే పర్వతారోహకురాలు, టెన్జింగ్ నార్గే దగ్గర శిక్షణ పొందినవారు. షిర్మాకర్ కొండల్లో రాళ్ల నిర్మాణాన్ని అధ్యయనం చేశారు. పంత్ సముద్రపు ఆహార గొలుసు మొదలయ్యే చోట, సూక్ష్మమైన వృక్షప్లవకాల మీద పనిచేశారు. అంటార్కిటికాలో పూర్తి చలికాలం గడిపిన తొలి భారతీయ మహిళ ఒక డాక్టరు, కన్వల్ విల్కు.

సేన్‌గుప్తా చదివిన రకం రాళ్లలో తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఆసక్తి కలిగించేది ఒకటుంది. కోట్ల ఏళ్ల కిందట, గోండ్వానా అనే మహాఖండంలో భాగంగా, మన తూర్పు తీరం తూర్పు అంటార్కిటికాకు ఆనుకుని ఉండేది. విశాఖ చుట్టుపక్కల తూర్పు కనుమల్లో కనిపించే రాళ్లకు చుట్టాలు ఇప్పటికీ అక్కడ ఉన్నాయి. భారతి కేంద్రం కట్టిన లార్స్‌మన్ కొండలు ఆ అతుకుకు దగ్గర్లోనివే. విశాఖలో కైలాసగిరి ఎక్కిన పిల్లకు అంటార్కిటికా పాఠం కాళ్లకిందే మొదలుపెట్టొచ్చు. ఏ పాఠ్యపుస్తకమూ ఈ అవకాశాన్ని సరిగా వాడుకున్నట్టు నాకు కనిపించలేదు.

సాహసానికీ శాస్త్రానికీ తేడా ఉంది, ఆ తేడా చెప్పడం వల్ల ఎవరూ చిన్నబోరు. రీనా కౌశల్ ధర్మశక్తు 2009 డిసెంబరులో, కామన్వెల్త్ దేశాల మహిళల జట్టుతో సుమారు 900 కిలోమీటర్లు స్కీయింగ్ చేసి దక్షిణ ధ్రువం చేరారు. అది శరీరం, మనసు చేసిన పని. మంగళ మణిది, పంత్‌ది, సేన్‌గుప్తాది కొలతల పని. వాతావరణ మార్పు గురించి ఇద్దరూ మాట్లాడొచ్చు. కానీ ఒకరు చూసింది చెబుతారు, మరొకరు కొలిచింది చెబుతారు. వేదిక మీద అందరినీ ‘ధీరవనిత’ అనే ఒకే శాలువా కప్పి కూర్చోబెడితే వినేవాళ్లకు ఆ తేడా తెలియకుండా పోతుంది.

కరెంటు ఎవరు చూసుకుంటారు?

తెలుగునాట అందరికీ తెలిసిన మాలావత్ పూర్ణ కూడా అంటార్కిటికా వెళ్లివచ్చారు. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామం అమ్మాయి. 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే ఎవరెస్టు ఎక్కారు. 2019 డిసెంబరులో అంటార్కిటికాలోని అత్యున్నత శిఖరం విన్సన్, 4,892 మీటర్లు. 2022 నాటికి ఏడు ఖండాల శిఖరాలూ పూర్తయ్యాయి. పూర్ణ కథలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది శిఖరం కన్నా ముందు జరిగింది. ఆమె సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివారు. ఆ గురుకులాల సొసైటీ పిల్లలను భువనగిరి కొండకు రాతి ఎక్కుడు నేర్చుకోవడానికి పంపింది, అక్కడ పనికొచ్చిన పిల్లలను డార్జిలింగ్ పంపింది. పేద ఇంటి అమ్మాయికి బూట్లు, తాళ్లు, శిక్షకులు, ఖర్చు, అనుమతి, అన్నీ ఒక సంస్థ సమకూర్చింది. భువనగిరి మెట్టు లేకుండా ఎవరెస్టు లేదు. మనం మాత్రం పిల్లలకు ఎవరెస్టు ఫొటో చూపించి, భువనగిరి సంగతి చెప్పకుండా వదిలేస్తాం.

ఇక్కడి ఒక తెలుగు మీడియం తరగతిలో ఒకసారి భారతి కేంద్రం గురించి చెబుతున్నాను. పెంగ్విన్ల ప్రశ్నలు అయిపోయాక వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి లేచింది. “మేడం, అక్కడ కరెంటు పోతే ఎవరు బాగుచేస్తరు?” సాంచాలు నడిచే ఇంటి పిల్ల. కరెంటు పోతే ఏమవుతుందో ఆ వయసుకే తెలుసు. ఆరోజు అందరికన్నా మంచి ప్రశ్న అదే. భారతి కేంద్రంలో కరెంటు ఆగితే వేడి ఆగుతుంది, నీరు గడ్డకడుతుంది, యాంటెన్నా ఆగుతుంది. కాబట్టి జనరేటర్ చూసుకునే మనిషి అక్కడ శాస్త్రవేత్త అంత ముఖ్యం.

అంటార్కిటికా యాత్రలంటే శాస్త్రవేత్తలే వెళ్తారని చాలామంది అనుకుంటారు. ఎన్‌సీపీఓఆర్ యాత్రల కోసం ఇచ్చే నియామక ప్రకటనలు చూడండి. ఎలక్ట్రీషియన్, జనరేటర్ మెకానిక్, వాహన మెకానిక్, వెల్డర్, వడ్రంగి, క్రేన్ ఆపరేటర్, బాయిలర్ ఆపరేటర్, వంటవాళ్లు, డాక్టర్లు. వీటిలో చాలా పనులకు కావాల్సింది ఐటీఐ లేదా డిప్లొమా, కొన్నేళ్ల అనుభవం. సూరత్‌లో ఐటీఐలకు కొదవ లేదు, సిరిసిల్లలోనూ వరంగల్‌లోనూ ఉన్నాయి. ఎలక్ట్రీషియన్, వెల్డర్ ట్రేడుల తరగతి గదిలోకి తొంగిచూస్తే ఆడపిల్లలు ఎంతమంది కనిపిస్తారో ఎవరూ లెక్క చెప్పక్కర్లేదు. అంటార్కిటికాలో మహిళలు తక్కువగా ఉండటానికి చలి కారణం కాదు. ఆ కొరత లింబాయత్‌లో, పదో తరగతి అయిన జూన్ నెలలో, “వెల్డింగ్ ఆడపిల్లకెందుకు” అన్న మాట దగ్గర మొదలవుతుంది.

ఎంపికయ్యాక శిక్షణ ఎలా ఉంటుందో కూడా దాచాల్సిన పని లేదు. మంగళ మణి బృందానికి ఢిల్లీ ఎయిమ్స్‌లో రోజుల తరబడి వైద్య పరీక్షలు, మానసిక పరీక్షలు చేశారు. తర్వాత ఉత్తరాఖండ్‌లోని ఔలీ, బద్రీనాథ్ ప్రాంతాల్లో తొమ్మిది, పది వేల అడుగుల ఎత్తున బరువులు మోస్తూ నడిపించారు. 56 ఏళ్ల వయసులో ఆమె అవన్నీ దాటారు. ఈ దశలన్నీ పిల్లలకు వరసగా చెబితే, అదొక అద్భుతంలా కాకుండా సిద్ధం కాగలిగిన పరీక్షలా కనిపిస్తుంది.

చెప్పాల్సిన చేదు సంగతి ఒకటుంది. దూరపు కేంద్రాల్లో, నెలల తరబడి బయటకు వెళ్లే దారిలేని చోట, వేధింపులకు గురైన మనిషి ఎవరికి చెప్పుకోవాలి? అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ 2022లో బయటపెట్టిన నివేదిక తమ అంటార్కిటికా కేంద్రాల్లో లైంగిక వేధింపుల సమస్య విస్తృతంగా ఉందని ఒప్పుకుంది. అదే ఏడాది మన పార్లమెంటు చేసిన భారత అంటార్కిటికా చట్టం అక్కడ జరిగే నేరాలను మన కోర్టులు విచారించే వీలు కల్పించింది. చట్టం ఉండటం మొదటి మెట్టు. మైత్రి స్థానంలో కొత్త కేంద్రం కట్టే ప్రణాళిక నడుస్తోంది. జట్టుకు ఒక మహిళ చొప్పున కాకుండా కనీసం నలుగురైదుగురు ఉండేలా గదుల నుంచి ఫిర్యాదు వ్యవస్థ దాకా ఇప్పుడే ఆలోచిస్తే, తర్వాత గోడలు పగలగొట్టే అవసరం రాదు. 23 మందిలో ఒకరు అనే లెక్కను మనం గొప్పగా చెప్పుకున్నాం. దాన్ని లోటుగా లెక్కేయాల్సింది.

మంచు చూసి రావడం

ఈమధ్య వాతావరణ చైతన్యం పేరుతో అంటార్కిటికా వెళ్లివచ్చేవాళ్లు పెరిగారు. రుసుము కట్టి ఓడెక్కి, పది పన్నెండు రోజులు గడిపి, జెండాతో ఫొటో దిగి, తిరిగొచ్చాక బడుల్లో ఉపన్యాసాలిస్తారు. వాళ్ల నిజాయితీని నేను శంకించను, కొందరు తర్వాత ఏళ్ల తరబడి మంచి పని చేశారు కూడా. కానీ 2022–23 ఒక్క సీజనులోనే లక్ష మందికి పైగా పర్యాటకులు అంటార్కిటికా వెళ్లారు. ఓడల పొగ నుంచి పడే నల్లటి మసి మంచును త్వరగా కరిగిస్తుంది. తెల్లటి పంచె కన్నా నల్లచొక్కా ఎండలో ఎక్కువ వేడెక్కినట్టే ఇదీ. 2016–2020 మధ్య వెళ్లిన ఒక్కో పర్యాటకుడి వంతు మసికి సుమారు 83 టన్నుల మంచు ముందే కరుగుతుందని 2022లో ‘నేచర్ కమ్యూనికేషన్స్’లో వచ్చిన అధ్యయనం లెక్కగట్టింది. మంచు కరుగుతోందని చెప్పడానికి వెళ్లి కొంత కరిగించి వస్తే ఆ ఉపన్యాసానికి బరువెంత?

పరిశోధనా కేంద్రాలూ ఇంధనం కాలుస్తాయి, పొగ వదులుతాయి. అక్కడికి వెళ్లే శాస్త్రవేత్తకు వేరే పుణ్యం లేదు. తేడా ఒకటే, ఆ ఖర్చుకు బదులుగా ఒక కొలత తిరిగొస్తుంది, అది మరొకరు వాడుకోవచ్చు. బడులకు వక్తలను పిలిచేవాళ్లు ఒక ప్రశ్న అడిగితే చాలు: అక్కడి నుంచి మీరు ఏం కొలిచి తెచ్చారు? సమాధానం ఉన్నవాళ్లను ముందు పిలవండి. నాలుగు దశాబ్దాల్లో మన యాత్రల్లో పనిచేసి వచ్చిన డాక్టర్లు, ఇంజనీర్లు, మెకానిక్‌లు, పరిశోధకులు ఎంతోమంది ఉన్నారు. హైదరాబాద్‌లోనే ఎన్ఆర్ఎస్‌సీ ఉంది, మైత్రిలో భూకంప పరికరాలు నడిపిన ఎన్‌జీఆర్‌ఐ ఉంది. వాళ్లలో తెలుగు మాట్లాడేవాళ్లను వెతకడానికి గోవా దాకా పోనక్కర్లేదు.

సూరత్‌లో ఏం చేయొచ్చో నాకు తోచింది చెబుతాను. లింబాయత్‌లోని ఒక బడి గోడ మీద 2006 వరద నీరు వచ్చిన ఎత్తుకు ఒక గీత గీయాలి. పక్కనే ఆ వారం పోటు పట్టిక అంటించాలి. వానాకాలం నాలుగు నెలలూ పిల్లలు ఖాడీ వంతెన దగ్గర, ఒక టీచరు తోడుగా, గట్టు మీద నిలబడే నీటిమట్టం రాసుకోవాలి. పోటు ఉన్న గంటలోనూ, లేని గంటలోనూ. రెండు వానాకాలాలు గడిచేసరికి ఆ తరగతి దగ్గర సముద్రం తమ వీధిని ఎప్పుడు, ఎంత వెనక్కి నెడుతోందో తెలిపే సొంత లెక్క ఉంటుంది. భారతి కేంద్రానికి ఉపగ్రహ లింకు ఎలాగూ ఉంది. ఏడాదికి ఒక్కసారి, ఒక అరగంట, ఆ లింకును ఈ తరగతికి ఇమ్మని ఎన్‌సీపీఓఆర్‌ను అడగాలి. ఇటు నుంచి పిల్లలు ఖాడీ పుస్తకం చూపిస్తారు. అటు నుంచి ఎవరు మాట్లాడినా ఫరవాలేదు, జనరేటర్ చూసుకునే మనిషైతే మరీ మంచిది.